పాత యుద్ధ ఛాయాచిత్రాల్లోని సైనికులు, వారి చేతిలోని రైఫిళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఫోటో చూపించి ఆయన ఏ యుద్ధానికి వెళ్లారని అడిగేవారు, పత్రికలో వేయబోయే బొమ్మ కింద ఏమి రాయాలని అడిగేవారు, ఇంటర్నెట్‌లో కనిపించిన రంగుల చిత్రం నిజమైనదేనా అని అడిగేవారు తరచుగా వేసే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇవి ప్రధానంగా 1914 నుంచి 1948 వరకు బ్రిటిష్ ఇండియా సైన్యానికి సంబంధించిన చిత్రాల గురించినవి. అవసరమైన చోట ఇతర దేశాల చిత్రాలను కూడా ప్రస్తావించాను.

ఫోటో చేతికి రాగానే రైఫిల్‌లో మొదట ఏమి చూడాలి?

బోల్ట్ (ఒక తూటా కాల్చాక చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టే కడ్డీ) పిడి ఎటువైపు ఉందో చూడాలి. రెండు ప్రపంచ యుద్ధాల్లో పెద్ద సైన్యాలు తమ పదాతి దళాలకిచ్చిన బోల్ట్ రైఫిళ్లకు పిడి కుడివైపే ఉంటుంది; ఎడమచేతి వాటం సిపాయి కూడా దానితోనే కాల్చడం అలవాటు చేసుకోవలసి వచ్చేది. అందువల్ల పిడి ఎడమవైపు కనిపించిందంటే నెగెటివ్‌ను తిరగేసి ముద్రించారని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఛాతీ మీది పతకాలు సొంతదారుకు ఎడమవైపు ఉన్నాయా, చొక్కా గుండీల పట్టీ సరైన వైపు ఉందా అనేవి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. 19వ శతాబ్దంలో ఇనుప రేకు మీద తీసిన ఫోటోలు సహజంగానే అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి వచ్చేవి. అమెరికాలో బిల్లీ ద కిడ్ అనే బందిపోటు ఎడమచేతి వాటం మనిషని చాలాకాలం జనం నమ్మడానికి కారణం అటువంటి ఒక్క ఫోటోయే. అతని చేతిలోని వించెస్టర్ రైఫిల్‌కు తూటాలు వేసే తలుపు తప్పు వైపు ఉండటంతో అసలు సంగతి బయటపడింది.

ఫోటో సరిగ్గానే ఉందని తేలాక మూడు చోట్ల చూపు నిలపాలి. అవి గొట్టం మూతి, ట్రిగర్ ముందు తూటాలు నింపే మ్యాగజైన్ పెట్టె, వెనక గురి (గురిచూడటానికి కంటివైపు ఉండే అమరిక). చెక్క రంగు, పట్టీ, మెరుపు వంటివి చూసి రైఫిల్ పేరు చెప్పబోతే తప్పే ఎక్కువగా వస్తుంది.

అందరూ "త్రీ నాట్ త్రీ" అంటారు. అది ఒకే తుపాకీ పేరా?

కాదు. త్రీ నాట్ త్రీ అనేది తూటా కొలత, అంటే 0.303 అంగుళం, సుమారు 7.7 మిల్లీమీటర్లు. పోలీసు స్టేషన్ల పుణ్యమా అని మన ఊళ్లలో ఆ మాట తుపాకీ పేరుగా స్థిరపడిపోయింది. ఆ తూటాను కాల్చిన రైఫిళ్లు అనేకం. వాటిలో మన చిత్రాల్లో కనిపించేవి ముఖ్యంగా లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందినవి. బోల్ట్, మ్యాగజైన్ రూపకల్పన చేసిన జేమ్స్ పారిస్ లీ పేరు, లండన్ సమీపంలోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు కలిసి ఆ పేరు ఏర్పడింది.

ఈ కుటుంబంలో మొదటిది 1895లో వచ్చిన పొడుగు రైఫిల్. దాని పొడవు సుమారు 126 సెంటీమీటర్లు, గొట్టం చివర చెక్కను దాటి బయటికి పొడుచుకొని ఉంటుంది. పదాతికి ఒకటి, అశ్విక దళానికి పొట్టిది ఇంకొకటి అని రెండు రకాలు మోయడం కంటే అందరికీ ఒకటే ఉంటే మేలని దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం తరువాత బ్రిటిష్ వారు నిర్ణయించుకున్నారు. దాని ఫలితమే పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్. 1907లో ఆమోదం పొందిన మార్క్ 3 రకం పొడవు సుమారు 113 సెంటీమీటర్లు. దీన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. చెక్క గొట్టం చివరిదాకా సాగుతుంది, దాని మీద ఇనుప తొడుగు రోకలికి పొన్ను వేసినట్టు మొద్దుగా కూర్చుంటుంది, గొట్టం దాదాపుగా బయటికి కనిపించదు. మన సిపాయిల ఫోటోల్లో ఎక్కువగా ఉండేది ఇదే. దీనికి తగిలించే బాయ్‌నెట్ అలుగు ఒక్కటే 43 సెంటీమీటర్లు ఉంటుంది.

మూడోది నంబర్ 4 రైఫిల్. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1941లో, దీన్ని అధికారికంగా స్వీకరించారు. ఇందులో గొట్టం మళ్లీ కొద్దిగా బయటికి వచ్చింది. వెనక గురి గొట్టం మీద కాకుండా బోల్ట్ వెనక, కంటికి దగ్గరగా ఉంటుంది. బాయ్‌నెట్ కత్తిలా కాకుండా 20 సెంటీమీటర్ల మేకులా ఉంటుంది. మూడింటిలోనూ మ్యాగజైన్ పెట్టె ట్రిగర్ ముందు కిందికి పొడుచుకొని కనబడుతుంది. పొట్టి రైఫిల్, నంబర్ 4 రెండింటి పెట్టెల్లోనూ 10 తూటాలు పడతాయి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక బృంద చిత్రంలో గొట్టం మూతి బయటికి పొడుచుకొని ఉండటం చూసి, నంబర్ 4 అని, కాబట్టి 1941 తరువాతిదని రాసి ఇచ్చేశాను. తరువాత వెనక గురి ఎక్కడుందో చూస్తే అది గొట్టం మీదే ఉంది. అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నాటి పొడుగు లీ-ఎన్‌ఫీల్డ్. ముప్ఫై ఏళ్లకు పైగా తేడా. మూతి ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదని ఆనాడు నేర్చుకున్నాను.

1944లో బర్మాలో ఉన్న మన సిపాయి చేతిలో పాత పొట్టి రైఫిల్ ఉంది. అతనికి పనికిరాని ఆయుధం ఇచ్చారా?

అలా అనుకోనక్కరలేదు. కలకత్తా సమీపంలోని ఈశాపూర్ రైఫిల్ కర్మాగారం నంబర్ 4 తయారీకి మారలేదు. రెండో ప్రపంచ యుద్ధం పొడవునా పొట్టి మార్క్ 3 రైఫిల్ రకాన్నే తయారు చేస్తూ వచ్చింది. ఆస్ట్రేలియాలో లిత్‌గో కర్మాగారం కూడా అంతే. అందువల్ల పాత తరహా రైఫిల్ కనిపించినంత మాత్రాన అది పాత రైఫిల్ కాదు, నిన్నగాక మొన్న తయారైనదై ఉండవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈశాపూర్ ఈ రూపాన్ని వదలలేదు. 1960లలో దాన్నే 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి 2ఎ రకంగా తయారు చేసింది. ఆ రైఫిల్‌కు మూతి అలాగే మొద్దుగా ఉంటుంది గానీ మ్యాగజైన్ పెట్టె మరింత చదరంగా ఉంటుంది.

1857 తరువాత కొన్ని దశాబ్దాల పాటు మాత్రం బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ సిపాయిల చేతికి కావాలనే ఒక తరం వెనకటి ఆయుధం ఇచ్చింది. తెల్ల సైనికుడి దగ్గర మార్టిని-హెన్రీ ఉన్న రోజుల్లో సిపాయి దగ్గర స్నైడర్ ఉండేది. కనుక 1870ల చిత్రంలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి వేర్వేరు తుపాకులు పట్టుకుని ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. 1914 వచ్చేసరికి పరిస్థితి మారింది. ఫ్రాన్స్‌కు వెళ్లిన భారతీయ దళాలకు మార్సెయి రేవులో దిగగానే కొత్త రకం రైఫిళ్లు అందజేశారు.

రైఫిల్‌ను బట్టి ఫోటో ఏ సంవత్సరానిదో చెప్పవచ్చా?

"ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెప్పవచ్చు. నంబర్ 4 కనిపిస్తే అది మొదటి ప్రపంచ యుద్ధపు చిత్రం కాదు. పొట్టి మార్క్ 3 కనిపిస్తే 1907కు ముందుది కాదు. కానీ ఆ రైఫిల్ సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ అర్ధ శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది కాబట్టి, పై హద్దును అది చెప్పలేదు. దాని కోసం మిగిలిన వివరాల దగ్గరికి వెళ్లాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫోటో ఫ్రాన్స్‌లో తీసిందని వెనక ఉన్న ముద్రను బట్టి తెలుస్తోంది, అందులో తలపాగా ధరించిన భారతీయ పదాతి సైనికులు ఉన్నారు అనుకోండి. లాహోర్ డివిజన్ మార్సెయిలో దిగినది 1914 సెప్టెంబరు చివర. 1915 ముగిసేసరికి భారతీయ పదాతి డివిజన్లను మెసపొటేమియాకు (నేటి ఇరాక్) తరలించారు. అశ్విక దళాలు మాత్రం 1918 వరకు ఫ్రాన్స్‌లో ఉండిపోయాయి. అంటే ఆ ఫోటో తీయడానికి వీలైన కాలం దాదాపు 15 నెలలకు కుదించుకుపోయింది. ఛాతీ మీద విషవాయువు ముసుగు సంచి ఉంటే ఇంకా కుదించుకుపోతుంది, ఎందుకంటే బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలింది 1915 ఏప్రిల్ 22న. ఉక్కు టోపీలతో ఉన్న భారతీయులు ఫ్రాన్స్‌లో కనిపిస్తే, వారు గుర్రాలు దిగి నిలబడిన అశ్విక సైనికులేమో అని ముందుగా చూడాలి.

తూటాల సంచులు కూడా చాలా చెబుతాయి. 1903 నమూనా తోలు బ్యాండోలియర్ అయితే ఛాతీకి అడ్డంగా చిన్న చిన్న జేబుల వరుస కనిపిస్తుంది. 1937 నమూనా కాన్వాసు సామగ్రి అయితే పొట్టకు రెండు వైపులా రెండు పెద్ద చదరపు సంచులుంటాయి. ఆ సంచులను బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్ మ్యాగజైన్లు పట్టేలా కుట్టారు.

చేతిలో బ్రిటిష్ రైఫిల్ ఉంటే బ్రిటిష్ సైన్యం తరఫు మనిషేనా?

కాకపోవచ్చు. ఈ తప్పు ఎక్కువగా జరిగేది ఆజాద్ హింద్ ఫౌజ్ చిత్రాల విషయంలో. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పతనమైనప్పుడు బ్రిటిష్ సైన్యపు ఆయుధాలు కుప్పలు కుప్పలుగా జపాన్ వశమయ్యాయి. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు దక్కిన తుపాకుల్లో అధిక భాగం అవే. యూనిఫాం కూడా చాలావరకు అదే ఖాకీ. అందువల్ల బర్మా యుద్ధరంగంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు భారతీయుల చేతుల్లోనూ ఒకే రకం రైఫిల్ ఉండే అవకాశం ఉంది. టోపీ బిళ్ల, భుజాల మీది గుర్తు, ఫోటో ఎక్కడ ఎవరు తీశారన్న వివరం వంటివి లేకుండా పక్షం తేల్చకూడదు. మద్రాసుకు చెందిన లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వంలో 1943లో ఏర్పడిన ఝాన్సీ రాణి రెజిమెంటు చిత్రాల్లో స్త్రీలే ఉండటం వల్ల ఆ చిక్కు రాదు. మగవారి చిత్రాలకు ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర 1948 చిత్రాల్లోనూ ఇదే చిక్కు. సెప్టెంబరు 13న మొదలై, 18న జనరల్ ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోవడంతో ముగిసిన హైదరాబాద్ పోలీసు చర్యలో భారత సైన్యానివీ, నిజాం సైన్యానివీ బ్రిటిష్ తరహా ఆయుధాలే. తెలంగాణ సాయుధ పోరాట దళాల చిత్రాల్లో పరిస్థితి వేరు. అక్కడ గొట్టం మూతి నుంచి మందు కూరే భర్మారు తుపాకీ, పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిల్, వడిసెల, గుత్పకర్ర ఒకే చట్రంలో కనిపించవచ్చు. అక్కడ రైఫిల్ చూపించేది సైన్యం పేరు కాదు, అది ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో ఆ దారి.

టోపీ మీద "హైదరాబాద్ రెజిమెంటు" బిళ్ల ఉంది. ఆయన తెలుగువాడే కదా?

చాలావరకు కాదు. ఈ జవాబు విని నిరాశపడినవారిని చూశాను గానీ చెప్పక తప్పదు. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా పేరు పొందిన ఆ పటాలం నిజాం కంటింజెంట్ అనే పాత దళం వారసత్వం నుంచి వచ్చింది. కానీ అందులో చేరినవారు క్రమంగా ఉత్తరాదిన హిమాలయాల్లోని కుమావ్ కొండ ప్రాంతంవారు, అహీర్లు, జాట్లు అయ్యారు. పేరుకూ మనుషులకూ పొంతన కుదరక 1945 అక్టోబరులో దాన్ని కుమావ్ రెజిమెంటుగా మార్చారు. నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు వేరే దళం. 1918లో పాలస్తీనాలో పోరాడిన ఆ అశ్వికుల గుర్తుగానే ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలోని మూడు కంచు విగ్రహాల్లో ఒకటి ఉంది. మిగిలిన రెండు జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లవి.

తెలుగు సైనికుల కోసం వెతికేవారు మద్రాసు ప్రెసిడెన్సీ దళాల వైపు చూడటం మేలు. "యుద్ధ జాతులు" అనే తమ సిద్ధాంతాన్ని పట్టుకుని బ్రిటిష్ వారు మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చి 1920ల చివరికి దాదాపు తుడిచిపెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషుల అవసరం పెరిగాక మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. మధ్యకాలమంతా తెగకుండా సాగినది బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్, అంటే వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే ఇంజనీరు దళం. వారితో పాటు రవాణా, వైద్య విభాగాల్లోనూ మనవారు పనిచేశారు. ఈ విభాగాలవారి చేతికీ రైఫిల్ ఇచ్చేవారు కాబట్టి, రైఫిల్ పట్టుకున్న ప్రతివాణ్ణీ పదాతి సైనికుడని అనుకోకూడదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంగా పేరుపడిన ఊళ్లో లాగా, తరతరాలుగా సైన్యంలో చేరే కుటుంబాలున్న చోట ఇళ్లలో ఇటువంటి చిత్రాలు గోడలకు వేలాడుతుంటాయి. ఆ ఊళ్లలో పెద్దలకు పటాలం పేరు, నంబరు నోటికి వచ్చి ఉంటుంది. నా అనుభవంలో మ్యూజియం కాగితం కంటే ముందుగా వారినే అడగడం మంచిది.

చేతి మీద గీతలు, భుజం మీద నక్షత్రాలు ఏమి చెబుతాయి?

ఒక గీత లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దారు. భుజం మీద ఒక నక్షత్రం జమేదారు, రెండు సుబేదారు, కిరీటం సుబేదారు మేజరు. జమేదారు హోదా పేరును 1965లో నాయబ్ సుబేదారుగా మార్చారు. రెండో ప్రపంచ యుద్ధపు చిత్రమైతే భుజం కింద డివిజన్ గుర్తు కోసం వెతకండి. 4వ డివిజన్‌ది ఎర్ర గద్ద, 17వ డివిజన్‌ది నల్ల పిల్లి, 19వ డివిజన్‌ది బాకు.

స్టూడియోలో తీసిన ఫోటోలోని రైఫిల్ ఆయన సొంతానికి ఇచ్చినదేనా?

కాకపోవచ్చు. స్టూడియోలో వెనక రంగుల తెర మీద సరస్సు, స్తంభాలు, పక్కన పూలకుండీ ఉంటాయి. రైఫిల్ కూడా ఆ వరుసలో ఒక అలంకారమే అయిన సందర్భాలున్నాయి. సెలవు మీద ఊరికి వచ్చిన సిపాయి రైఫిల్‌ను పటాలంలో అప్పగించి రావలసిందే. అందుచేత స్వగ్రామం దగ్గరి పట్టణంలో తీసిన ఫోటోలో సైనిక రైఫిల్ కనిపిస్తే, అది ఎక్కడిదని ఆలోచించాలి. దండు ఉన్న పట్టణంలో తీసినదైతే అంత అనుమానం అక్కరలేదు.

ఫోటో వెనక వైపు తప్పకుండా చూడండి. గట్టి పోస్టుకార్డు కాగితం మీద "కార్త్ పోస్తాల్" అని ఫ్రెంచిలో అచ్చయి ఉంటే కాగితం ఫ్రాన్స్‌దనీ, ఆయన అక్కడ ఫోటో దిగి ఇంటికి పంపి ఉండవచ్చనీ అనుకోవచ్చు. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన అంకె, చెరిగిపోయిన ఉర్దూ లేదా రోమన్ అక్షరాలు, ఏదీ వదలవద్దు. చట్రంలో అతికించిన ఫోటోను బలవంతంగా ఊడబీకితే మాత్రం వెనక రాతతో పాటు ముందున్న బొమ్మ కూడా పోతుంది.

యుద్ధరంగంలో తీసిన ఫోటోలు నిజమైనవేనా, నటించినవా?

రెండూ ఉన్నాయి, రెంటికీ మధ్యన ఉన్నవీ ఉన్నాయి. 19వ శతాబ్దం మధ్యలో తడి గాజుపలక మీద ఫోటో తీయడానికి కొన్ని క్షణాలు ఎవరూ కదలకుండా ఉండాలి. కాబట్టి ఆనాటి పోరాట స్థలాల చిత్రాలు దాదాపు అన్నీ పోరు ఆగాక తీసినవే. లక్నో సికందర్ బాగ్‌లో పోరు జరిగింది 1857 నవంబరులో. ఫెలీచే బీటో అనే ఫోటోగ్రాఫర్ అక్కడికి చేరి ఫోటో తీసింది 1858 వసంతంలో. ముందుభాగంలో పరచినట్టున్న ఎముకలను ఫోటో కోసమే అలా అమర్చారన్న అనుమానం నేటికీ ఉంది.

రైఫిల్ విషయంలో నాకు అన్నింటికంటే గట్టి పాఠంగా కనిపించేది అమెరికా అంతర్యుద్ధపు చిత్రం. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక అలెగ్జాండర్ గార్డ్‌నర్ రాళ్ల గోడ మధ్య పడి ఉన్న ఒక దక్షిణాది సైనికుడి మృతదేహాన్ని ఫోటో తీసి, అతణ్ణి దూరం నుంచి గురిచూసి కొట్టే నిపుణుడిగా ప్రచారం చేశాడు. గోడకు ఆనించిన రైఫిల్ ఆ కథకు సాక్ష్యం. శతాబ్దానికి పైగా గడిచాక, 1970లలో, విలియం ఫ్రాసనీటో అనే చరిత్రకారుడు ఆ ప్రదేశపు ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అదే మృతదేహం కొన్ని పదుల మీటర్ల దిగువన వేరే చోట కూడా కనిపించింది. శవాన్ని మోసుకొచ్చి గోడ దగ్గర పడుకోబెట్టారు. ఆ రైఫిల్ కూడా గురిచూసి కొట్టేవారు వాడే రకం కాదు, ఫోటోగ్రాఫర్ వెంట తెచ్చుకున్న సామాను. అంటే ఆ చిత్రంలో సైనికుడి మరణం ఒక్కటే నిజం.

మన సైనికుల చిత్రాలకు వస్తే, 1915 వేసవిలో ఫ్రాన్స్‌లో భారతీయ దళాల ఫోటోలు తీయడానికి అధికారిక అనుమతి పొందిన హెచ్. డి. గర్డ్‌వుడ్ తీసిన వందల చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో గఢ్వాలీ సైనికులు రోడ్డు మీద నడిచే చిత్రం వంటివి ఉన్నవున్నట్టు తీసినవి. గూర్ఖాలు బాయ్‌నెట్లు తగిలించుకొని కందకం మీదికి దూకుతున్నట్టు కనిపించే కొన్ని దృశ్యాలు మాత్రం యుద్ధరంగం వెనక సాధన ప్రదేశాల్లో కెమెరా కోసం చేయించినవి. తెలుసుకునే పద్ధతి సులభం. నిజంగా దాడి జరుగుతుంటే ఫోటోగ్రాఫర్ సైనికుల ముందు, శత్రువుకు వీపు పెట్టి, నిలువుగా నిలబడి ఉండగలడా అని ఆలోచించండి. ముఖాలు స్పష్టంగా కెమెరా వైపు ఉంటే, అందరి రైఫిళ్లూ ఒకే కోణంలో ఉంటే, బోల్టులన్నీ మూసే ఉంటే అనుమానించవచ్చు. అయినా ఆ చిత్రాలను పారేయవలసిన పని లేదు. దాడి నటనే గానీ, మనుషులు ఆ పటాలంవారే, చేతిలోని రైఫిళ్లు, నడుమున కుక్రీలు (గూర్ఖాల వంపు కత్తులు) అసలైనవే.

ఫోటోలోని సైనికుడి పేరు కనుక్కోవచ్చా?

అరుదుగా. 1945 ఫిబ్రవరి 23న ఈవో జిమా దీవిలో జో రోసెంథల్ తీసిన జెండా చిత్రం ప్రపంచంలో అతి ప్రసిద్ధమైన యుద్ధ చిత్రాల్లో ఒకటి. అందులోని ఆరుగురి పేర్లు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో ఉండి కూడా, 2016లో ఒకటి, 2019లో ఒకటి తప్పని అమెరికా మెరీన్ దళమే ఒప్పుకొని సవరించింది. 2016 సవరణకు ఆధారాలు చాలా చిన్నవి. టోపీ లోపలి తెగిన పట్టీ వేలాడుతున్న తీరు, రైఫిల్ పట్టీని తగిలించకూడని కొక్కేనికి తగిలించిన తీరు వంటివి. ఇతర ఫోటోల్లో అవే లక్షణాలతో ఉన్న మనిషి ఎవరో వెతికి పేరు తేల్చారు. రైఫిల్ రకం ఎవరినీ గుర్తించదు, అందరి చేతిలోనూ అదే ఉంటుంది కాబట్టి. ఒక మనిషి దాన్ని ఎలా పట్టుకున్నాడు, పట్టీని ఎలా బిగించాడు అన్నది మాత్రం గుర్తించగలదు.

మీ చేతిలో పేరు ముందే ఉంటే, మరణించినవారి విషయంలో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఉపయోగపడుతుంది. అందులో తెలుగు పేర్ల వర్ణక్రమం రకరకాలుగా ఉంటుంది కాబట్టి ఇంటిపేరుతో, అసలు పేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో వేర్వేరుగా వెతకాలి. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం చిత్రాలకు ముందుండే అక్షరాలు కూడా దారి చూపుతాయి. క్యూ (Q) మొదటి ప్రపంచ యుద్ధానిది, ఈ (E) ఉత్తర ఆఫ్రికా, ఎన్‌ఏ (NA) ఇటలీ, ఐఎన్‌డీ (IND) భారత్-బర్మా, ఎస్‌ఈ (SE) ఆగ్నేయాసియా. ఇంటర్నెట్‌లో దొరికిన చిత్రం మూలలో ఈ సంఖ్య చెరపకుండా మిగిలి ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇతర దేశాల రైఫిళ్లను ఎలా గుర్తుపట్టాలి?

జర్మన్ మౌజర్‌కు బయటికి వచ్చే మ్యాగజైన్ పెట్టె ఉండదు, 5 తూటాలు చెక్క లోపలే దాగి ఉంటాయి. అడుగు భాగం నున్నగా కనిపిస్తుంది. జపాన్ అరిసాకా 38వ రకం చాలా పొడుగు, దాని బాయ్‌నెట్‌కు పిడి దగ్గర కొక్కెం ఉంటుంది. రష్యన్ మోసిన్-నాగాంట్‌కు ట్రిగర్ ముందు చిన్న మూల తేలిన పెట్టె ఉంటుంది, బోల్ట్ పిడి అడ్డంగా చాచి ఉంటుంది. అమెరికన్ గరాండ్‌కు బోల్ట్‌ను చేత్తో ఆడించే పని లేదు, 8 తూటాలు వరుసగా కాలుతాయి. స్వాధీనం చేసుకున్న ఆయుధంతో ఫోటో దిగడం అన్ని సైన్యాల్లోనూ ఉన్న సరదా అని గుర్తుంచుకుంటే చాలు.

పోలీసు చిత్రాల్లో కనిపించేది సైన్యపు రైఫిలేనా?

చూడటానికి అలాగే ఉండి కాకపోవచ్చు. ఈశాపూర్ కర్మాగారం పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌లను కొన్నింటిని 0.410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, జైలు కాపలాదార్లకు ఇచ్చింది. గొట్టం లోపల గాళ్లు తీసేసి నున్నగా చేశారు. మ్యాగజైన్ చోట చెక్కముక్క బిగించి ఒక్కసారికి ఒకే తూటా పట్టేలా చేశారు. కొల్లగొట్టినా సైనిక తూటాలు అందులో పనిచేయకూడదన్నదే ఆలోచన. ఫోటోలో గొట్టం లోపల ఏముందో కనపడదు కాబట్టి, పోలీసు చిత్రాల కింద "0.303 రైఫిల్" అని కచ్చితంగా రాయకపోవడమే మంచిది.

నలుపు తెలుపు ఫోటోలో రంగులు ఊహించవచ్చా? రంగులద్దిన చిత్రాలను నమ్మవచ్చా?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు అందదు, నీలం మితిమీరి అందుతుంది. ఫలితంగా ఎర్రటి గుడ్డ నల్లగా, నీలి గుడ్డ తెల్లబోయినట్టు వస్తుంది. 1914-15 స్టార్ పతకం పట్టీలో ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి. పాత ఫోటోలో అది ఒకవైపు నల్లగా, మిగతా అంతా లేతగా కనిపించి ఇంకేదో పతకమనిపిస్తుంది. తలపాగా రంగు విషయంలోనూ ఇదే ఇబ్బంది. నేడు కంప్యూటరు అద్దే రంగులకు ఈ సంగతులేవీ తెలియవు. తలపాగా అందంగా ఆకుపచ్చగా కనిపిస్తే, అది ఆ యంత్రం ఊహ. అసలు చిత్రాన్ని ఎప్పుడూ విడిగా దాచుకోండి.

ఫోటోను బట్టి మనిషి ఎత్తు లెక్కకట్టవచ్చా?

రైఫిల్ మడమ నేలకు ఆనించి, మనిషి పక్కనే నిటారుగా పట్టుకుని ఉంటే వీలవుతుంది. పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ 113 సెంటీమీటర్లు. ప్రింటు మీద రైఫిల్ 5.2 సెంటీమీటర్లు, మనిషి తలపాగా కాకుండా 7.7 సెంటీమీటర్లు వస్తే, ఎత్తు దాదాపు 167 సెంటీమీటర్లు. రైఫిల్ కొంచెం ముందుకు వాలి ఉన్నా ఈ లెక్క తప్పుతుంది.

ఇంట్లో ఫోటోతో పాటు ఆ తుపాకీ కూడా ఉంటే?

0.303 సైనిక క్యాలిబర్ కాబట్టి సామాన్యులకు నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. జ్ఞాపకమనే కారణం చట్టానికి చెల్లదు. ముట్టుకోకుండా, శుభ్రం చేయబోకుండా పోలీసులకు తెలియజేయాలి. తుప్పు పట్టిన గొట్టంలో తూటా ఉండిపోయి ఉండవచ్చు.

చిత్రాన్ని పత్రికలో వేసుకోవచ్చా?

భారతదేశంలో ఛాయాచిత్రానికి ప్రచురణ తరువాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1957 జూన్‌కు ముందు బ్రిటిష్ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన యుద్ధ చిత్రాల హక్కు తీసిన 50 ఏళ్లకు ముగిసిపోయింది. అయినా మ్యూజియంలు మంచి నాణ్యత ఉన్న ప్రతికి రుసుము అడుగుతాయి, చిత్రసంఖ్య పేర్కొనమంటాయి.

చివరికి ఫోటో కింద ఏమి రాయాలి?

కనిపించేదాన్ని, తెలిసినదాన్ని, ఊహించినదాన్ని విడదీసి రాయాలి. మాదిరికి ఒకటి ఇస్తున్నాను: "బ్రిటిష్ ఇండియా సైన్యపు నాయక్, స్టూడియోలో. చేతిలో పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 రైఫిల్, అంటే 1907 తరువాత. వెనక ఫ్రెంచి పోస్టుకార్డు అచ్చు ఉంది. బహుశా 1914, 1918 మధ్య. పేరు కుటుంబ సభ్యులు చెప్పినది. పటాలం గుర్తు అస్పష్టం." వాక్యాలు పొడిగా ఉన్నాయని సంపాదకులు గొణుగుతారు. గొణగనివ్వండి.